నీళ్లు తియ్యగా ఉన్నాయా?

పెరట్లో కూర్చుని కొర్రమీనుకి బూడిద రాసి పొలుసు తీస్తుంటే, వరండాలో మా ఆయన పేపరు పైకి చదవడం వినపడుతుంది. మా ఇంట్లో తెల్లవారడమంటే అదే. ఆయన పేరు ఈశ్వరప్రసాద్. కైకలూరులో ఒక పత్రికకి విలేకరి. ఊరందరికీ ప్రెస్ ప్రసాద్ గారు. ఎదురు కుర్చీలో మా అత్తగారు సూర్యకాంతం గారు ఒళ్లో చేతులు పెట్టుకుని, ప్రవచనం వింటున్నంత శ్రద్ధగా వింటారు. జిల్లా పేజీలో కైకలూరు వార్త వచ్చిన ప్రతిసారీ "మా వాడి చేతిలో సరస్వతి ఉందమ్మా" అంటారు. ఆ సరస్వతికి ఆ సమయంలో చేతులనిండా చేప పొలుసులుంటాయి.

ఇందులో దాపరికం ఏమీ లేదు. పెళ్లయిన కొత్తలో ఆయన చేతిరాత ఏలూరులో వార్తలు దిద్దే డెస్కులో ఎవరికీ అర్థం కావడం లేదంటే తిరగరాసి ఇచ్చేదాన్ని. తరువాత కాగితం పోయి ఫోను వచ్చింది. తిరగరాయడం పోయి మొత్తం వార్త, వాళ్ల భాషలో కాపీ, రాయడమే నా పనైంది. ఆయన బండి మీద ఊరు తిరిగొచ్చి, సోఫాలో కాళ్లు చాపి, "మండల సమావేశం. నీళ్ల గొడవ. ఆఫీసరు సర్దిచెప్పాడు. ఓ ఇరవై లైన్లు లాగు" అంటారు. నేను ఒక చేత్తో పప్పులో తాలింపు వేస్తూ రెండో చేత్తో లాగుతాను. ఒకసారి ఆయన తోటి విలేకరులు ఇంటికొచ్చి, "మీ కాపీలో భాష ఉంటుందండీ ప్రసాద్ గారూ, మాకది రాదు" అని పొగుడుతుంటే, నేను వాళ్లకి టీ కప్పులు అందిస్తున్నాను. ఆయన నా వైపు చూసి నవ్వి, "మా ఆవిడ కూడా కాస్త టైపింగ్ సాయం చేస్తుందిలెండి" అన్నారు. ఆయనది చెడ్డ మనసు కాదు. ఆ మాట అనడమే గొప్ప మెప్పనుకున్నారు. నేనూ అలాగే అనుకుని, లోపలికెళ్లి కప్పులు కడుక్కున్నాను. కడిగిన కప్పునే మళ్లీ మళ్లీ ఎందుకు కడుగుతున్నానో మాత్రం ఆ రోజు తెలియలేదు.

మా అమ్మాయి ఇందుజ పదో తరగతి రాసిన ఏడాది, ఏలూరులో ఒక డిగ్రీ కాలేజీ నుంచి ప్రెస్ నోటు వచ్చింది. జర్నలిజం మేజరుగా డిగ్రీ పెట్టారట, చేరేవాళ్లు లేక సీట్లు ఖాళీగా ఉన్నాయట, వయసు పట్టింపు లేదట. దాన్ని వార్తగా మార్చింది నేనే. "ఆసక్తి గలవారు కళాశాలలో సంప్రదించగలరు" అని చివరి వాక్యం కొట్టాక నా వేలు ఆగిపోయింది. ఇంటర్ పాసై పెళ్లి చేసుకున్నదాన్ని. ఆసక్తి గలవారెవరో ఊరంతా వెతకనక్కర్లేదు, ఈ పొయ్యి ముందే ఉన్నారు అనిపించింది.

"జర్నలిజం చదివితే వచ్చేది కాదు వీరా, తిరిగితే వచ్చేది" అన్నారు ఆయన. నన్నెప్పుడు తిరగనిచ్చారు అని నోటిదాకా వచ్చింది, మింగాను. రెండు రోజులు ఆలోచించి ఆయనే, "సరేలే, చేరు. కాపీకి ఇంకాస్త మెరుగొస్తుంది" అన్నారు. అత్తగారైతే బుగ్గలు నొక్కుకున్నారు. "కూతురు ఇంటర్లో, తల్లి డిగ్రీలో. నేను కూడా ఎల్‌కేజీలో చేరతాను, ముగ్గురం కలిసి కేరేజీలు పట్టుకెళ్దాం." ఆ కేరేజీలు మూడూ ఎవరు సర్దాలో ఆవిడకి తెలుసు.

అలా చేరాను. తెల్లారకముందే లేచి వంట ముగించి ఏలూరు బస్సెక్కేదాన్ని. బస్సు కొల్లేరు మీదుగా పోతుంది. రెండు పక్కలా చేపల చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, ఎక్కడో ఒకచోట గట్లు లేని నీళ్లలో గూడబాతు పక్షులు. కిటికీ పక్కన కూర్చుంటే, కండక్టరు తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగని సమయం రోజు మొత్తంలో అదొక్కటే. క్లాసులో పిల్లలు నన్ను మొదట లెక్చరరనుకుని లేచి నిలబడ్డారు. తరువాత ఆంటీ అన్నారు. మొదటి పరీక్షలయ్యాక నా నోట్సు కోసం అక్కా అన్నారు.

మా జాకబ్ మాస్టారు ఒక పెద్ద పత్రికలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. మొదటి నెలలో ఒక వార్త రాసి తెమ్మన్నారు. నాకది మంచినీళ్లు తాగినంత పని. అందరికంటే ముందు రాసి ఇచ్చి, మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఆయన కళ్లజోడు సర్దుకుని పూర్తిగా చదివారు.

"భాష చాలా బాగుందమ్మా. మీరు అక్కడ ఉన్నారా?"

"లేనండి. మా ఆయన చెప్పారండి."

"ఆయన అక్కడ ఉన్నారా?"

"ఆయన ఫోన్లో కనుక్కున్నారండి."

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. "అయితే ఇది బాగా రాసిన విన్నమాట. వార్త కాదు. వెళ్లి చూసి రాయండి, మీరు రాయగలరు" అని కాగితం తిరిగిచ్చారు. ఆ చివరి రెండు మాటలూ బస్సులో ఇంటిదాకా పట్టుకొచ్చాను. నాకు తెలిసి నేను రాయగలనని నాతో ఎవరూ అప్పటిదాకా అనలేదు. రాసిపెట్టమన్నారు, అంతే.

మూడో ఏడాది ప్రాజెక్టుకి ఎవరికి వాళ్లు ఒక చోటు ఎంచుకుని, అక్కడికి తిరిగి, ఒక పెద్ద వార్త రాయాలి. కాలేజీ పిల్లలే నడిపే ప్రాక్టీసు పత్రికలో అది పేరుతో సహా అచ్చవుతుంది. నేను గూళ్లలంక ఎంచుకున్నాను. కొల్లేరు మధ్య ఊరు. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క ఉండదు. ఆడవాళ్లు బల్లకట్టు దాటొచ్చి మంచినీళ్ల టిన్నులు మోసుకెళ్తారు. మొదటిసారి వెళ్లినప్పుడు బల్లకట్టు లాగే పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "ఎవరి తాలూకండీ తమరు?" అన్నాడు. మా వైపు అది మర్యాద ప్రశ్నే. మనిషి పేరు అడగడం మోటు, ఎవరి మనిషో అడగడం మర్యాద. "ప్రెస్ ప్రసాద్ గారి తాలూకండి" అన్నాను. "ఆయ్, అలా చెప్పండి మరి" అని కూర్చున్న ఒకాయన్ని లేపి నాకు స్టూలు వేశాడు.

ఊళ్లో ఆడవాళ్లూ అంతే. పేరు చెప్పమంటే మొగుడి పేరు చెప్పేవాళ్లు. "మీ పేరండీ" అంటే ఒకళ్లనొకళ్లు చూసుకుని నవ్వేవాళ్లు. ఒకావిడ మాత్రం, కాయకష్టంతో నల్లబడ్డ చేతులు కొంగుకి తుడుచుకుని, "మంగతాయారు. రాసుకోండి. ఏం చేస్తారో చూద్దాం" అంది. ఆవిడ రోజూ మనవరాలి స్కూలు సీసా కూడా ఆ టిన్ను నీళ్లతోనే నింపుతుంది. ఆవిడ చెప్పాక మిగతావాళ్లూ ఒక్కొక్కరే పేర్లు చెప్పారు. ఇన్నేళ్లూ నేను లాగిన ఇరవై లైన్లలో ఆఫీసర్లకి పేర్లూ హోదాలూ ఉండేవి, ఆడవాళ్లు మాత్రం ఎప్పుడూ గుంపుగా "మహిళలు" అయి ఖాళీ బిందెలతో నిలబడేవాళ్లు. ఇప్పుడు నా చేతి కింద వాళ్లు ఒక్కో మనిషిగా విడిపోతుంటే ఒళ్లు పులకరించింది.

నేను తిరుగుతుండగానే ఆ ఊరికి మంచినీళ్ల ప్లాంటు పూర్తయింది. ప్రారంభోత్సవానికి సాయంత్రం ఒక పెద్ద అతిథి వస్తున్నారన్నారు. మా ఆయన ఆ రోజు పొద్దున్నే నాతో, "ఎలాగూ వెళ్తున్నావు కదా, ఫొటో ఒకటి పంపు. వార్త నువ్వే కొట్టేద్దువు" అన్నారు. ఇందులో ఒక సంగతి చెప్పాలి. సాయంత్రం జరగబోయే సభని మధ్యాహ్నమే జరిగిపోయినట్టు రాసి పంపడం మా వైపు విలేకరులకి మామూలే. నాలుగున్నరకల్లా వార్త డెస్కు చేరకపోతే మర్నాటి పేజీలో చోటుండదు. సభలన్నీ ఎలాగూ ఒక్కలాగే జరుగుతాయి కాబట్టి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

నేను వెళ్లేసరికి షామియానా వేసి ఉంది. ప్లాంటు గుమ్మానికి రిబ్బను కట్టారు. ఆడవాళ్లు ఉతికిన చీరలు కట్టుకుని, తోమిన ఇత్తడి బిందెలతో వరసగా కూర్చున్నారు. మొదటి నీళ్లు వాళ్లకే పోస్తామన్నారట. మధ్యాహ్నం పేపర్లకి పంపాలని ఒకాయన వచ్చి వాళ్లని రిబ్బను ముందు నిలబెట్టి, బిందెలు నెత్తిన పెట్టించి, నవ్వమని ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. ఎండ షామియానా అంచు దాటి వాళ్ల ఒళ్లోకి వచ్చింది. అతిథి రాలేదు. అప్పుడు మా ఆయన ఫోను.

"అయిందా?"

"ఇంకా రాలేదండి."

"వచ్చేస్తార్లే. ప్రారంభించారు అని కొట్టేసి పంపెయ్. టైమైపోతోంది."

"ప్రారంభించలేదు కదండీ."

"పేపరు వచ్చేది రేపు పొద్దున్న. ఆ పాటికి ప్రారంభిస్తారుగా?"

ఇదివరకు నేను వంటింట్లో ఉండేదాన్ని. వంటింట్లోంచి చూస్తే ఆ మాటలో తప్పేమీ కనపడదు. ఇప్పుడు నా ఎదురుగా మంగతాయారు ఖాళీ బిందె ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "నేను ఇక్కడే ఉన్నానండి. జరగనిది రాయలేను" అన్నాను. పెళ్లయినప్పటి నుంచి వార్త విషయంలో నేను కాదన్నది అదే మొదలు. "సరే, నేనే కొట్టుకుంటాను" అని పెట్టేశారు.

పొద్దు వాలాక కబురొచ్చింది. అతిథి గారికి వేరే పని పడిందట, రారు. కనీసం మోటారు వేసి నీళ్లన్నా పొయ్యండయ్యా అంటే, అసలు ప్లాంటుకి కరెంటే ఇవ్వలేదని అప్పుడు బయటపడింది. ఆడవాళ్లు గొడవ చెయ్యలేదు. బిందెలు చంకనెత్తుకుని లేచారు. మంగతాయారు నా దగ్గర ఆగి, "ఫొటోలో మాత్రం బానే నవ్వామండి" అని వెళ్లిపోయింది.

మర్నాడు పెరట్లో నేను చేపలు తోముతుంటే వరండాలో మా ఆయన చదువుతున్నారు. ఈసారి గొంతు కొంచెం మెల్లగా ఉంది. గూళ్లలంకలో మంచినీటి ప్లాంటు ఘనంగా ప్రారంభం. మహిళలు హర్షం వ్యక్తం చేశారు. బిందెలతో నవ్వుతున్న ఫొటో. అత్తగారు ఫొటో వేలితో తడిమి మురిసిపోయి, పెరటి వైపు తిరిగి కేకేశారు.

"ఏమ్మా, నువ్వక్కడే ఉన్నావుగా నిన్న. నీళ్లు తియ్యగా ఉన్నాయా?"

కొల్లేరు నీళ్లు తాగి పెరిగిన మనిషి ఆవిడ. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను చేతులు కడుక్కుని వరండాలోకి వచ్చాను. ఆయన పేపరు దించలేదు.

"నీళ్లు రాలేదత్తయ్యా. ప్రారంభం కాలేదు. కరెంటే లేదు."

"అదేంటే, పేపర్లో వేశారుగా?"

ఆవిడ కొడుకు వైపు చూశారు, నా వైపు చూశారు. ఎన్నో ఏళ్లుగా పొద్దున్నే విన్నదాన్నంతా ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకుంటున్నట్టుగా అయింది ఆవిడ ముఖం. పేపరు కొడుకు చేతిలోంచి తీసుకుని, మడిచి, పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయారు. నేను ఆవిడని బాధపెట్టాలనుకోలేదు. కానీ అబద్ధం చెప్పాలని కూడా నాకు అనిపించలేదు, అందుకు నాకు నేనే కొత్తగా కనపడ్డాను.

ఆ వారమంతా నా వార్త రాశాను. చూసింది చూసినట్టు, అన్నవాళ్ల మాట వాళ్ల పేరుతో. జాకబ్ మాస్టారు అడిగి అడిగి మూడుసార్లు తిరగరాయించి, చివరికి, "మొదటి పేజీలో వేస్తున్నాం" అన్నారు. ఆ సంగతి మా ఆయనకి చెప్పినప్పుడు నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను.

"కాలేజీ పేపరే కదా, ఎవరు చదువుతార్లే అనుకోకు వీరా. ఎవడో ఒకడు వాట్సాప్‌లో పెడతాడు. డెస్కు చూస్తుంది. నా వార్త పక్కన నీ వార్త పెట్టి చూస్తారు. నా ఉద్యోగం ఏం కావాలి?"

"మీరు రేపే సవరణ వెయ్యండి. వెళ్లి చూసి రండి, తప్పు జరిగిందని రాయండి. అప్పటిదాకా నాది ఆపమని మాస్టారిని అడుగుతాను."

"సవరణా? ఇన్నేళ్లలో ఒక్కటీ వెయ్యలేదు నేను. నువ్వు భార్యవయ్యుండి ఇలా చేస్తావా?"

నాకు భయం వేసింది. ఆ ఉద్యోగం పోతే ఊళ్లో ఆయన ఒట్టి ప్రసాద్. బండి మీద ప్రెస్ అన్న అక్షరాలు చెరిపేసుకోవాల్సిన మనిషిని తలుచుకుంటే జాలేసింది కూడా. ఆయన పరువు నా చేతిలో ఉందని ఇన్నేళ్లూ అందరూ చెబుతూనే ఉన్నారు, నేను ఆయన కంచంలో వడ్డించినంత జాగ్రత్తగా దాన్ని మోశాను. మోస్తున్నది నేనని మాత్రం ఎవరూ అనలేదు. ఇటుపక్క, పేరు చెప్పడానికి సిగ్గుపడే ఊళ్లో నన్ను నమ్మి పేర్లిచ్చిన ఆడవాళ్లు. ఏం చేస్తారో చూద్దాం అన్న ఆవిడ. పేర్లు తెచ్చుకుని ఇంట్లో దాచుకుంటే నేను ఆ మధ్యాహ్నం ఫొటో తీసుకెళ్లిన మనిషి కంటే ఏం మెరుగు? ఇంక తూచాల్సింది ఏమీ మిగల్లేదు.

ఇస్త్రీ చేసిన చొక్కా మడిచి ఆయన చేతిలో పెట్టాను. "భార్యగా చెయ్యాల్సింది ఇదిగోనండి. వార్త మాత్రం అక్కడున్న మనిషిగా రాశాను. దాన్ని మార్చను. ఇంకోటి, ఇకనుంచి మీ వార్తలు మీరే రాసుకోండి."

ఆయన చాలా రోజులు నాతో ముక్తసరిగానే ఉన్నారు. నేను వండాను, ఆయన తిన్నారు. పత్రిక అచ్చయి వచ్చింది. "ఖాళీ బిందెలతోనే వెనక్కి" అని శీర్షిక, దాని కింద వీరదుర్గ, జర్నలిజం మూడో సంవత్సరం. నా పేరు అంత నల్లగా, అంత తిన్నగా ఉంటుందని నాకు తెలియదు. శుభలేఖ మీద తప్ప అచ్చులో ఎప్పుడూ చూసుకోలేదు. బస్సులో దాన్ని విప్పి, మడిచి, మళ్లీ విప్పి, సిగ్గు లేకుండా చూసుకున్నాను. గర్వంగా ఉంది. ఆ మాట అనడానికి నాకేమీ మొహమాటం లేదు. ఇందుజ అది ఫోన్లో స్టేటస్ పెట్టుకుని కింద "మా అమ్మ" అని రాసింది. అత్తగారు కళ్లజోడు తెప్పించుకుని, ఎవరిచేతా చదివించుకోకుండా, కూడబలుక్కుని చివరిదాకా తనే చదివారు. పక్కింటివాళ్లతో ఏమన్నారో తెలియదు గానీ, మర్నాడు పొద్దున్న పెరట్లోకి వచ్చి, "లే, చేపలు నేను తోముతాను. నీకు బస్సు వేళవుతోంది" అన్నారు.

అనుకున్నట్టే అది వాట్సాప్‌లో ఏలూరు దాకా తిరిగింది. ఒక సాయంత్రం మా ఆయనకి డెస్కు నుంచి ఫోను. స్పీకరులో పెట్టి మాట్లాడటం ఆయన అలవాటు, అందువల్ల నాకూ వినపడింది.

"ప్రసాద్ గారూ, ఈమధ్య మీ కాపీ దారుణంగా ఉంటోందండి. ఏమైంది మీకు? ఆ గూళ్లలంక వార్త సంగతి తరువాత మాట్లాడదాం. ముందు మీ ఏరియాలో వీరదుర్గ గారని ఎవరో ఉన్నారట, ఆవిడ నంబరు పంపండి."

ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను అన్నం వారుస్తున్నాను. స్పీకరు ఆపేసి పక్కకి వెళ్లొచ్చు. వెళ్లలేదు.

"ఆవిడ మా ఇంట్లోనే ఉంటారండి" అన్నారు. "నా భార్యండి. ఇన్నాళ్లూ మీరు బాగుందన్న కాపీ కూడా ఆవిడదేనండి."

ఆ ఒక్క మాట చెప్పడానికి ఆయనకి ఇన్నేళ్లు పట్టింది. నేను గిన్నె దించి, చేతులు తుడుచుకుని ఫోను అందుకున్నాను. పరీక్షలయ్యాక ఏలూరు వచ్చి కలుస్తానని చెప్పాను. నా పేరు వేస్తేనే రాస్తానని కూడా చెప్పాను. ఆయన పక్కనే నిలబడి విన్నారు.

ఆ తరువాత పది రోజుల్లో ప్లాంటుకి కరెంటు వచ్చింది. అతిథి లేరు, షామియానా లేదు. రేపు పొద్దున్న మోటారు వేస్తారట రండి అని మంగతాయారు ఫోను చేసింది. నేను బయల్దేరుతుంటే ఆయన బండి తీశారు. "నేనూ వస్తాను. సవరణ రాయాలంటే చూడాలి కదా." సరేనన్నాను.

బల్లకట్టు లాగే పెద్దాయన నన్ను చూడగానే, "రండి వీరదుర్గ గారూ" అని స్టూలు జరిపాడు. తరువాత నా వెనక నిలబడ్డ మనిషిని ఎగాదిగా చూసి, మర్యాదగా అడిగాడు.

"తమరు ఎవరి తాలూకండీ?"

ఆయన నా వైపు చూశారు. నేను సాయం చెయ్యలేదు. నీళ్లలో తాడు కిర్రుమంటోంది.

"వీరదుర్గ గారి తాలూకండి" అన్నారు.

వినపడింది, కానీ వెనక్కి తిరిగి చూడలేదు. అవతలి ఒడ్డున మంగతాయారు బిందె ఎత్తి పట్టుకుని నన్ను పిలుస్తోంది. బల్లకట్టు ఆగీ ఆగకముందే దిగి నడిచాను. కొళాయి కింద దోసిలి పట్టి తాగి చూడాలి. ఇంటికెళ్లాక అత్తగారు అడుగుతారు.